చెరువు గట్టు మీద మైకు

మా అపార్ట్‌మెంట్ వెనక మూలన ఒక మోటరు ఉంది. తేనెటీగల తుట్టెను డబ్బాలో పెట్టి మూత వేసినట్టు ఒకటే మోత. ఆ మోతను నేను మూడు నెలలకు పైగా ఆపించాను. దానివల్ల జరిగింది ఇంతవరకు మా ఆయనకూ ఇంకొక్కరికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా నా తప్పు కాస్త తగ్గించే చెప్పాను. ఇక్కడ తగ్గించకుండా చెప్పాలని కూర్చున్నాను, చూద్దాం ఎంతవరకు చేతనవుతుందో.

నేను ఐటీలో పనిచేస్తాను. వారంలో మూడు రోజులు ఇంటినుంచే పని. మాది రెండో అంతస్తు, వెనకవైపు ఫ్లాట్. కొన్నప్పుడు లేక్ వ్యూ అని చెప్పి అమ్మారు. అబద్ధం కాదు, బాల్కనీలో ఎడమచేతి వైపు నిలబడి మెడ చాపితే రెండు టవర్ల సందులోంచి చెరువు చీర అంచంత కనిపిస్తుంది. చెరువుకూ మా ప్రహరీ గోడకూ మధ్య ఒక బస్తీ ఉంది. మా గేట్ల దగ్గర కాపలా కాసేవాళ్లు, మా ఇళ్లల్లో గిన్నెలు తోమేవాళ్లు, మా కార్లు నడిపేవాళ్లు ఆ రేకుల గదుల్లో కిరాయికి ఉంటారు. కొన్నేళ్లపాటు బాల్కనీలోంచి నాకు చెరువే కనిపించింది గానీ బస్తీ కనిపించలేదు. చూపు అంత నేర్చుకుంటుంది.

ఆ మోటరు దేనికంటే, మా రెండు వందల ఇళ్లల్లో వాడిన నీళ్లన్నీ, వంటింటివి, స్నానాలవి, మరుగుదొడ్లవి, నేల కింద పెద్ద ట్యాంకుల్లోకి చేరతాయి. అక్కడ కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ మురికిని తిని నీళ్లను తేటపరుస్తాయి. వాటికి ఊపిరాడాలంటే నీళ్లలోకి గాలి పంపుతూనే ఉండాలి. గాలి పంపేది ఆ మోటరు. తేరిన నీళ్లు మళ్లీ మా ఫ్లష్‌లకూ మొక్కలకూ వస్తాయి. మిగిలినవి వెనక గోడలోని గొట్టం గుండా కాలువలో పడి, బస్తీ వాకిళ్ల ముందు నుంచి చెరువుకు పోతాయి.

ఇదంతా నాకు తెలియక కాదు. నేను మా అపార్ట్‌మెంట్ గ్రీన్ కమిటీ కన్వీనర్‌ని. పర్యావరణ దినం నాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఈ ట్యాంకుల బొమ్మ చార్టు మీద వేసి, సూక్ష్మజీవులకు కళ్లూ నవ్వే మూతులూ గీసి మరీ చెప్పాను. మా అబ్బాయి వాటికి పేర్లు కూడా పెట్టాడు.

చెప్పడం నాకు బాగా వచ్చు. మా నాన్న గోదావరి జిల్లాలో మిషన్ స్కూలు మాస్టారు, ఆదివారం గుళ్లో వాక్యం కూడా చెప్పేవారు. ఆ గొంతు నాకు వచ్చింది. ఆయన బతుకు మాత్రం రాలేదు.

జూన్ నెలలో నాకు ఆఫీసులో కొత్త క్లయింట్ వచ్చాడు. పగలు సింగపూర్ వాళ్లు, సాయంత్రం లండన్ వాళ్లు. కాల్‌లో నోరు విప్పితే చాలు, అవతలివాళ్లు అడిగేవాళ్లు, మీ వెనక ఏదో మోత వస్తోంది, విమానమా అని. తలుపులు వేశాను, కర్టెన్లు మార్చాను, హెడ్‌సెట్ మార్చాను. ఒకరోజు పెద్ద ప్రెజెంటేషన్ మధ్యలో మా మేనేజర్ నవ్వుతూ, "మీరు మ్యూట్‌లో ఉంటేనే మాకు బాగా వినిపిస్తున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కాల్ ముగిసిన వెంటనే మా అపార్ట్‌మెంట్ మేనేజర్‌కి ఫోన్ చేసి గొంతు చించుకున్నాను. వంటింట్లో మా పనావిడ గిన్నెలు తోముతోంది. ఆమె ఉందనే స్పృహ నాకు లేదు.

ఆవిడ గురించి ముందే చెప్పాలి. నారాయణపేట వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త పక్క టవర్‌లో సెక్యూరిటీ, ఒక్కతే కూతురు, ఆరో తరగతి. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదే. అయినా నేను ఆమెను నువ్వు అనేదాన్ని, ఆమె నన్ను అమ్మా అనేది. ఆరేళ్లుగా మా ఇంట్లో చేస్తోంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం మా ఇంటి మొత్తం మీద తప్పు లేకుండా చేసేది ఆమె ఒక్కతే. ఒకసారి తడి చెత్తలో పాల ప్యాకెట్ కనబడితే పది నిమిషాలు క్లాసు పీకాను. అది వేసింది మా ఆయన అని సాయంత్రం తెలిసింది. తెలిసినా ఆమెకు చెప్పలేదు.

సరే, ఫోన్ చేసిన మర్నాడు నన్ను కిందికి రమ్మన్నారు. ఆ ట్యాంకులు చూసుకునే ఆయన నల్గొండ వైపు మనిషి, యాభై దాటినవాడు, తలకు ఎప్పుడూ తువ్వాలు చుట్టుకుని ఉంటాడు. సూక్ష్మజీవులను ఆయన పురుగు అంటాడు, ఏదో తాను మేపుతున్న మంద లాగా.

"మేడం, గాలి బంద్ జేస్తే పురుగు సస్తది. పురుగు సస్తే నీళ్లు ఖరాబైతయ్" అన్నాడు.

"పగలు నా మీటింగులప్పుడు ఆపితే చాలండీ. రాత్రంతా నడుస్తుంది కదా" అన్నాను.

"గట్ల కాదు మేడం, జర ఇనుండ్రి. మనం పగలంత ఊపిరి ఆపుకొని రాత్రి పీల్చుకుంటమా?"

"పురుగులకు ఊపిరాడే సంగతి తర్వాత చూద్దాం లెండి. ముందు నాకు మాట ఆడాలి" అన్నాను.

అపార్ట్‌మెంట్ మేనేజర్ నవ్వాడు. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. ఆ పెద్దాయన నవ్వలేదు. తువ్వాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దున తొమ్మిదికి ఆపి రాత్రి పదికి పెట్టేవాళ్లు. కరెంటు కూడా కలిసొస్తుంది కదా అని కమిటీలో ఎవరూ కాదనలేదు. నేను హాయిగా మాట్లాడుకున్నాను.

రెండు వారాలు తిరక్కుండా మా బాత్రూముల్లో వాసన మొదలైంది. ఫ్లష్ నొక్కితే బూడిద రంగు నీళ్లు, కుళ్లిన కోడిగుడ్డు వాసన. వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. అప్పుడైనా నేను, అయ్యా, మోటరు ఆపించింది నేనే, మళ్లీ పెట్టించండి అని ఉండాల్సింది. అనలేదు. ఫ్లష్‌లకు బోరు నీళ్లు కలుపుదాం, ట్యాంకు నీళ్లన్నీ వెనక గొట్టంలోకి వదిలేద్దాం, తాత్కాలికంగా, అని నేనే టైప్ చేశాను. ముప్పై బొటనవేళ్లు వచ్చాయి. తాత్కాలికంగా అన్న మాటంత సౌకర్యమైనది మన భాషలో మరొకటి లేదు. మా బాత్రూముల్లో వాసన పోయింది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఆగస్టులో ఒకరోజు పనావిడ ఇల్లు తుడుస్తూ అంది, "చెరువు కాడ బాగ వాసనొస్తుందమ్మా ఈ మధ్య. తలుపు తీస్తే అన్నం తినబుద్ధయితలేదు."

నేను లాప్‌టాప్ మీది నుంచి తలెత్తకుండా, "చెత్తంతా అందులోనే వేస్తారు కదా మీవాళ్లు. నువ్వయినా చెప్పు మరి" అన్నాను.

"చెప్తనమ్మా" అంది.

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. గింజకు కనీసం కళ్లు లేవు.

దసరా దగ్గర పడింది. బతుకమ్మ మా ఇంటి పండుగ కాదు. మాది క్రైస్తవ కుటుంబం, పైగా మా వైపు ఆ పండుగే లేదు. హైదరాబాద్ వచ్చిన కొత్తలో కూకట్‌పల్లి హాస్టల్లో ఉన్నప్పుడు మొదటిసారి చూశాను, తంగేడు, గునుగు, బంతి పూలను పళ్లెంలో గోపురంలా పేర్చి, చుట్టూ తిరిగి ఆడి, చివరి రోజు నీళ్లలో వదిలిపెట్టడం. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. కానీ గ్రీన్ కమిటీ కన్వీనర్ అయ్యాక నాకు అందులో గునుగు పూలకు అద్దే రంగులు కనబడ్డాయి, పళ్లేల కింద థర్మకోల్ కనబడింది. చెరువును కాపాడాలని పూనుకున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో పార్కు పక్కన పెద్ద తొట్టి కట్టించి, మంచి నీళ్లు నింపించి, అందులోనే బతుకమ్మలు వదలాలని తీర్మానం చేయించాను. అది బాగానే ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది. బస్తీ వాళ్లకు కూడా అవగాహన కలిగించాలని నాకు బుద్ధి పుట్టింది.

ఆ ఆదివారం గుడి మానేసి మరీ వెళ్లాను. పన్నెండు మందిమి, అందరికీ ఆకుపచ్చ టీషర్టులు, ఒక చేతి మైకు, పంచడానికి గుడ్డ సంచులు. చెరువు గట్టెక్కగానే వాసన గుప్పుమంది. మాలో ఒకావిడ స్కార్ఫ్ ముక్కుకు చుట్టుకుంది. నీళ్లు గట్టు దగ్గర నల్లగా, పైన తెట్టు కట్టి ఉన్నాయి. నేను దాన్నే చూపించి మొదలుపెట్టాను.

"చూడండమ్మా, మన చెరువు ఏమైపోయిందో! చెరువు మనకు తల్లి లాంటిది. రంగు పూలు వేయకండి, థర్మకోల్ వేయకండి, చెత్త వేయకండి. ఈ నీళ్లు పాడైతే జబ్బులొచ్చేది మనకే, మన పిల్లలకే."

నలభై మంది ఆడవాళ్లు నిలబడి విన్నారు. వెనక వరసలో మా పనావిడ, పక్కన కూతురు. ముందు వరసలో ఉన్న ఒక ముసలామె చెయ్యెత్తింది.

"ఒక్క మాట బిడ్డా. మా పువ్వులు ఏడాదికి ఒక్కపారి పడ్తయ్. గీ వాసన దినాం వస్తుంది. పువ్వులు నీళ్లను సాఫ్ జేస్తయని మా అవ్వలు చెప్పిండ్రు. మరి గిది మా పువ్వులదేనా?"

మెత్తగానే అడిగింది. గొట్టం గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. వచ్చి, వెంటనే పోయింది. చేతిలో మైకు ఉన్నప్పుడు మనసు అలాంటివాటిని నిలవనివ్వదు.

"అన్నీ కలిస్తేనే కదండీ ఇలా అయ్యేది. ఎవరి బాధ్యత వాళ్లు తీసుకోవాలి" అన్నాను.

టీషర్టుల వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య మా పనావిడ రెండడుగులు ముందుకు వచ్చింది, ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచింది. నా వెనకున్నవాళ్లు ఫోటోలు తీస్తున్నారు. ఆమె వాళ్లను చూసి, నన్ను చూసి, కొంగు భుజం మీదికి లాక్కుని వెనక్కి వెళ్లింది. పాపం మైకంటే బిడియం అనుకున్నాను. ఆ సాయంత్రం ఫోటోలు గ్రూపులో పెట్టాం. ఒక ఫోటోలో ఆమె నోరు తెరిచి ఉంది. ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, తీసేయలేదు.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, పనావిడ గిన్నెలు బోర్లిస్తూ అడిగింది, "అమ్మా, మీ తొట్ల మా బతుకమ్మను గూడ ఇడువొచ్చా? మాది చిన్నదే. నేను, బిడ్డ, ఇద్దరమే వస్తం. ఇడిచి పోతం."

ఆరేళ్లలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అక్కడ లైట్లు, పాటలు ఉంటాయి కదా, కూతురికి చూపించాలని సరదా పడుతోందనుకున్నాను.

"అది రెసిడెంట్స్‌కే కదమ్మా. ఒకరిని రానిస్తే అందరూ అడుగుతారు. నాకు మాటొస్తుంది" అన్నాను.

"అయితె మంచిదమ్మా" అని సింకు కడగడం మొదలుపెట్టింది.

పండుగ రోజు మా తొట్టిలో పూలు తేలాయి. అద్భుతంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. గోడ అవతల నుంచి కూడా పాట వినిపించింది.

నాలుగో రోజు ఆమె కుంటుతూ వచ్చింది. కుడికాలు మడమ దగ్గర ఎర్రగా వాచి ఉంది, చిటికెన వేలి పక్కన నీరు కారుతోంది. మడమలు పగిలి ఉన్నాయని, అదే ముదిరినట్టుందని చెప్పింది. నేను ఒక ట్యూబు ఇచ్చాను. ట్యూబుతో పాటు ఉపన్యాసం కూడా ఇచ్చాను, చెప్పులు లేకుండా తిరుగుతారు, కాళ్లు సబ్బుతో కడుక్కోరు, శుభ్రత ఉండాలి అని. అంతటితో ఆగానా? మా అబ్బాయికి అంటుకుంటుందేమోనని భయం వేసింది. వంటింట్లోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి కాలికి కట్టుకోమన్నాను. అపార్ట్‌మెంట్‌లో ప్లాస్టిక్ నిషేధం పెట్టించింది నేనే, మా ఇంట్లో కవర్ దొరకడమే కష్టం, వెతికి మరీ తెచ్చాను. ఆమె కింద కూర్చుని ఆ కవర్ కాలికి తొడుక్కుని, పైన రబ్బర్ బ్యాండ్ వేసుకుని, నిలబడి గిన్నెలన్నీ తోమింది. అడుగు వేసినప్పుడల్లా కవర్ చప్పుడు చేసేది. నేను కాల్‌లో ఉండి, ఆ చప్పుడుకు తలుపు వేసుకున్నాను.

మర్నాటి నుంచి రాలేదు. ఫోన్ తీయలేదు. చెప్పాపెట్టకుండా మానేస్తారని రెండు రోజులు మా ఆయన దగ్గర సణిగాను. అయిదో రోజు గేటు దగ్గర ఆమె భర్త కనిపించాడు. యూనిఫాంలో ఉన్నాడు గానీ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"దవాఖానల ఉన్నది మేడం. కాలు మోకాలు దాక ఉబ్బింది. షుగరున్నదంట, మాకు ఎర్కనే లేదు. చిటికెన ఏలు తీసేయాలన్నరు. ఏలుతోని ఆగుతదో, పాదం దాక పోతదో ఇప్పుడే చెప్పలేమంటున్నరు."

"ఎలా అయింది ఇంతలా?"

"సద్దుల నాడు చెరువుల దిగింది మేడం. మోకాళ్ల లోతుకు పోయి బతుకమ్మను ఇడిచింది. మడిమెలు పగిలి ఉండె. మురికి నీళ్లు పుండ్లకు తగిలి విషమెక్కిందన్నడు డాక్టరు. పాదం పోతే ఎట్ల మేడం, అది నిలబడి జేసే పనే గద."

ఆఫీసుకు పోవాల్సిన దాన్ని వెనక్కి తిరిగి నేరుగా ట్యాంకుల దగ్గరికి వెళ్లాను. పెద్దాయన ఇనుప మూత పక్కకు జరిపి చూపించాడు. జూన్‌లో మట్టి రంగులో నురగ కక్కుతూ ఉండే నీళ్లు తారు లాగా నల్లగా, కదలకుండా పడున్నాయి.

"పురుగంత సచ్చింది మేడం" అన్నాడు. ముందే చెప్పాను కదా అనలేదు. అని ఉంటే నాకు కాస్త కోపమైనా వచ్చేది, కోపం కాస్త ఆసరా ఇచ్చేది.

మోటరు పెట్టమన్నాను. పెట్టాడు. "పెడ్తే మాత్రం ఇప్పుడే బాగవ్వదు. పురుగు మళ్ల పుట్టాలె. పేడ తెచ్చి కలుపుదాం, నెల దినాలు పడ్తది" అన్నాడు. ఖాజాగూడలో ఇంకా బర్రెలున్న ఒక ఇల్లు తనకు తెలుసన్నాడు. నా కారులోనే వెళ్లాం. రెండు గోనెసంచుల పేడ వెనక సీట్లో పెట్టుకుని, గాజు మేడల మధ్య సిగ్నళ్ల దగ్గర ఆగుతూ వచ్చాం. కారులో ఆ వాసన వారం రోజులు పోలేదు. పోకూడదనే అనిపించింది నాకు.

గ్రూపులో మాత్రం ఏమని రాశానో తెలుసా? మోటరు సర్వీసింగ్ పూర్తయింది, ఇకపై రోజంతా నడుస్తుంది, సహకరించగలరు అని. మళ్లీ ముప్పై బొటనవేళ్లు. ఎవరో థాంక్యూ కన్వీనర్ గారూ అని కూడా రాశారు.

ఆ ఆదివారం గుళ్లో ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడ్డాను. "మా ఇంట్లో పనిచేసే సహోదరి కాలు కోసం ప్రార్థించండి" అన్నాను. అందరూ తలలు వంచారు. కాలు ఎందుకు అలా అయిందో కూడా చెబుదామనే లేచాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నా పక్కనున్న ఒక పెద్దావిడ నా చెయ్యి నొక్కి, పనివాళ్ల మీద ఎంత ప్రేమమ్మా నీకు అంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

ఆస్పత్రికి వెళ్లలేకపోయాను. పని ఉందని చెప్పుకున్నాను. అసలు సంగతి ముఖం చెల్లకపోవడం. వేలు తీసేశారని, పాదం నిలిచిందని ఆమె భర్త గేటు దగ్గర చెప్పినప్పుడు అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చాడు. ఇంటికి తీసుకొచ్చారని తెలిసిన మూడో రోజు, పళ్లు పట్టుకుని మొదటిసారి ఆ బస్తీలోకి వెళ్లాను. మా వెనక గేటు నుంచి నాలుగు నిమిషాల నడక. ఆరేళ్లలో ఒక్కసారి వెళ్లలేదు.

ఒకటే గది. గడప ముందు అడుగు వెడల్పు కాలువ. నీళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. కాలువ వెంట తల తిప్పి చూస్తే దాని మొదలు మా ప్రహరీ గోడ. గోడ మీద మేము వేయించిన బొమ్మ ఉంది, రెండు చేతుల్లో భూమి. దాని కింద గొట్టం.

ఆమె మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. కూతురు క్యాన్‌లోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, బడికి పోతానని వెళ్లిపోయింది. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

"నీకొక సంగతి చెప్పాలి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఈ కాలువలోకి వచ్చేది మా అపార్ట్‌మెంట్ మురుగు. నీళ్లు శుభ్రం చేసే మోటరు ఆపించింది నేనే. నా వల్లే ఇదంతా."

"ఎర్కనే అమ్మా" అంది.

"ఎప్పటినుంచి?"

"మీరు ఫోన్ల లొల్లి పెట్టిన దినం నేను వంటింట్లనే ఉంటి గద. ఇంకో పది పదిహేను దినాలకు గీ మోరీ నల్లగైంది. గొట్టం మీ గోడకెల్లే వస్తది, బస్తీల అందరికి ఎర్కనే." కొంచెం నవ్వింది కూడా. "పొద్దుగాల మీ సింకుల నేను పోసిన నీళ్లే, నేను ఇంటికొచ్చేసరికి నాకన్న ముంగట వచ్చి వాకిట్ల ఉంటుండె."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్దామనే ముంగటికొచ్చిన ఆ దినం, మీరు మైకుల మాట్లాడుతుంటె. మీ దోస్తులందరున్నరు, ఫోటోలు తీస్తున్నరు. అంతమందిల మీ ఇజ్జత్ పోతదని ఆగిన."

నలభై మంది ఎదుట నేను వాళ్లకు నీతులు చెబుతుంటే, ఆమె నా పరువు కాపాడుతూ వెనక్కి వెళ్లింది. భూమి చీలితే బాగుండుననే మాట ఎన్నోసార్లు వాడాను గానీ, అది నిజంగా ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అయినా నేను ఊరుకోలేదు, నా తప్పులో కొంచెమైనా ఆమె మీదికి జరపాలని చూశాను. అది కూడా చెప్పాలి.

"తర్వాత ఇంట్లో, ఎవరూ లేనప్పుడు చెప్పొచ్చు కదా. నీళ్లు అలా ఉన్నాయని తెలిసీ ఎందుకు దిగావు?"

"బతుకమ్మను గట్టు మీద పెట్టి వస్తమా అమ్మా?" అంది. నా వైపు చూడకుండా, "తొట్టి అడిగిన గద" అంది.

నేను గ్లాసు కింద పెట్టలేకపోయాను, తాగలేకపోయాను. క్షమించు అన్నాను. ఆ మాట గదిలో ఎక్కడా ఆనలేదు. ఆమె దుప్పటి అంచు సర్దుకుంటూ, నన్ను ఆ ఇబ్బంది లోంచి బయట పడేయాలన్నట్టు మాట మార్చింది.

"ఇప్పుడు నడుస్తుందా మోటరు?"

"నడుస్తోంది. రోజంతా నడుస్తోంది."

"మంచిగైంది" అంది. ఇంకో క్షణానికి ఆమె ముఖంలోకి నిజంగానే ఒక చింత వచ్చింది. నా కాఫీలో చక్కెర తక్కువైందేమోనని అడిగేటప్పుడు వచ్చే చింతే.

"మరి మీ మీటింగులు ఎట్లనమ్మా?"

వెక్కిరించడానికి అడిగింది కాదు. వెక్కిరించి ఉంటే తట్టుకునేదాన్ని.